మూడో మనిషి మతం

ఏప్రిల్ 18, 2021. ఆదివారం.

చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటాయి. మన్నించాలి. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు మమ్మల్ని ఉంచిన కంచె బడిలో నేర్పారు. మేం రాసింది ముందు బడివాళ్ళు చదివేవాళ్ళు, తర్వాత అమ్మకు పంపేవాళ్ళు. దీన్ని ఎవరూ చదవరు.

ఈ నోటుబుక్కు నా భార్య లుకేరియాది. మొదటి పదకొండు పేజీల్లో విత్తనాల సంగతులు రాసుకుంది. ఏ టమాటా ఎప్పుడు నాటింది, ఏది కుళ్ళింది, ఏది పక్కింటివాళ్ళకిచ్చింది. మిగతా పేజీలు ఖాళీ. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. అప్పటినుంచీ కాసిల్‌గర్‌లో కూతురు నాద్యా ఇంట్లో కింది గదిలో ఉంటున్నాను.

ఈ రోగం వచ్చాక ప్రార్థన ఇల్లు మూసేశారు. ఐదుగురం బయట గడ్డిలో నిలబడ్డాం, మనిషికీ మనిషికీ రెండు గజాల ఎడం. పేకాట బల్ల ఒకటి తెచ్చి దానిమీద రొట్టె, ఉప్పు, నీళ్ళు పెట్టాం. మేం దుఖబోర్లం, మా తాతలు రష్యానుంచి కెనడా వచ్చారు. మాకు పూజారి లేడు, విగ్రహం లేదు, పుస్తకం లేదు. ఎదుటి మనిషిలో దేవుడున్నాడని వంగి దండం పెట్టుకుంటాం. మామూలుగా చేతులు పట్టుకుని పెట్టుకోవాలి. ఇప్పుడు దూరంనుంచే. గాలికి వంగిన చెట్లలా ఉన్నాం.

పాట అయ్యాక ఫ్యోక్లా అందుకుంది. లుకేరియా చెల్లెలు, నాకు మరదలు. డెబ్భై రెండేళ్ళు. గొంతు మాత్రం ముప్ఫైదే.

“వచ్చే నెల జనాభా లెక్కల కాగితాలొస్తాయి. ఈసారి మతం కూడా అడుగుతారు, పదేళ్ళకోసారి అడుగుతారు. పోయినసారే తగ్గాం. ఇంకా తగ్గితే మిగిలినవాళ్ళందరితో కలిపి ఒకే గంపలో పోసి ‘ఇతరులు’ అని పేరు పెడతారు. అందరూ దుఖబోర్ అని రాయండి. సిగ్గుపడి చావకండి.”

ఎవరో అన్నారు, “లెక్కలవాళ్ళు పేరు చెప్పమంటే చెప్పక జైలుకెళ్ళారు కదే మన నాన్నలు.”

“వెళ్ళారు. అప్పుడు వేలమందిమి. వేలమంది దాక్కుంటే అదొక పోరాటం. ఐదుగురం దాక్కుంటే లేనట్టే లెక్క.” నా వైపు తిరిగింది. “ఏం బావా, నోరు విప్పవేం? పళ్ళసెట్టు ఇంట్లో మర్చిపోయావా?”

పళ్ళు ఉన్నాయి. మాటే లేదు.

మా నాన్న తన పేరు చెప్పనన్నందుకు రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. నేను మా నాన్న కొడుకుని. ఈ చేత్తో ఏ లెక్కల కాగితం మీదా నా మతం రాయలేదు. అది నిజం.

మే 3. సోమవారం.

కాగితం వచ్చింది. అల్లుడు గ్లెన్ చదివి వినిపించాడు. కెనడాలో ప్రతి ఇంటికీ వస్తుందట. నాలుగిళ్ళకొకటి చొప్పున పెద్దది వస్తుందట, మతం అడిగేది అందులోనేనట. మాకు పెద్దదే వచ్చింది.

“ముప్ఫై ఏళ్ళుగా లాటరీ కొంటున్నాను మావయ్యా. చివరికి తగిలింది ఇది.”

అయస్కాంతంతో ఫ్రిజ్‌కి అంటించాడు. ఇల్లు మొత్తానికీ ఒకరే నింపొచ్చట. కంప్యూటర్లో.

మే 4.

దుఖబోర్ అనే రాయిస్తాను. నిర్ణయించుకున్నాను. నాన్న కాలం వేరు. అప్పట్లో లెక్కపెట్టేది పట్టుకుపోవడానికి. మావాళ్ళు సర్కారు బడికి పంపడం లేదని పిల్లల లెక్క తీసుకున్నారు, తర్వాత ఒక తెల్లవారుజామున పోలీసు బళ్ళేసుకుని వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళి కంచె బడిలో పెట్టారు. నాకు తొమ్మిదేళ్ళు. నెలకు రెండు ఆదివారాలు అమ్మ కంచె అవతల, నేను ఇవతల. తీగెల సందులోంచి పిరహీలు తోసేది. లోపల బఠాణీ ముద్ద పెట్టి కాల్చిన చిన్న రొట్టెలు. విరిగి చేతిలో పడేవి.

ఇప్పుడెవరూ పట్టుకుపోరు. మా పిల్లల్ని పట్టుకుపోవడానికి మా దగ్గర పిల్లలేరీ.

మే 6.

కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.

మే 9. ఆదివారం.

నలుగురమే వచ్చాం. ఫ్యోక్లా ఒక్కొక్కరినీ అడిగింది, బడిలో పాఠం అప్పజెప్పించుకున్నట్టు.

“నీది అయిందా బావా?”

“ఇంకా లేదు. ఫ్రిజ్ మీద ఉంది.”

“ఫ్రిజ్ నింపుతుందా? అదేమన్నా దుఖబోరా?”

“అల్లుడికి చెప్పాలి.”

“చెప్పడానికి ఎన్ని మాటలు? ఒక్కటి. మా నాన్న లెక్కకు దొరక్కూడదని అడివిలో పడుకున్నాడు. ఆయన కూతుర్ని నేను, లెక్కకెక్కండ్రా బాబూ అని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పైనుంచి చూస్తే నవ్వుకుంటాడో ఏడుస్తాడో.”

మే 10.

సాయంత్రం గ్లెన్ పెరట్లో మాంసం కాలుస్తున్నాడు. మేం తినం. నాకు తెలియకుండానే పొగ రాని వైపు వెళ్ళి నిలబడ్డాను. ఆ ఒక్క మాటా నాలుక మీద పెట్టుకుని నిలబడ్డాను.

“మావయ్యా, ఏమన్నా అనబోయారా?”

“ఏం లేదు. చలిగా ఉంది.”

“పొయ్యి దగ్గరకు రండి. వాసన అంటుతుంది గాని, పాపం అంటదులెండి.”

మంచివాడే. అదే ఇబ్బంది.

మే 12. బుధవారం.

ఫ్రిజ్ మీద అయస్కాంతం ఉంది. దాని కింద కాగితం లేదు.

నిన్న రాత్రి నింపేశాడట. “ఇరవై నిమిషాలు పట్టింది. నేను ఒకటో మనిషిని, నాద్యా రెండు, మీరు మూడు. మీరెక్కడ పుట్టారో, ఏం భాష మాట్లాడతారో అన్నీ రాశాను. మీ బడి దగ్గర మాత్రం ఆగిపోయాను. ఏమని రాయాలో తెలియలేదు.”

మతం గురించి అడగడానికి నాకు రాత్రి భోజనం దాకా పట్టింది. పళ్ళెం వైపు చూస్తూ అడిగాను.

“ఏదీ లేదని,” అన్నాడు.

“నాకా?”

“మీకే. తప్పా?”

నాద్యా సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఇటు తిరగలేదు. నీళ్ళు ధార కట్టి పడుతూనే ఉన్నాయి.

“తప్పేం లేదు,” అన్నాను.

మే 13.

ఆయన తప్పు లేదు. ఆయన రంపపు మిల్లులో బండి నడిపే మనిషి. ఆయనకేం తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా అల్లుడు, మా ఇంట్లో ఎన్ని గిన్నెల బోర్ష్ట్ చారు తాగాడో లెక్కలేదు. మేం మాంసం ముట్టమని తెలుసు. ఆదివారం నేనెక్కడికి వెళ్తానో తెలుసు. లుకేరియాని పాతిపెట్టిన రోజు రెండు గంటల పాట విన్నాడు, మధ్యలో బయటికెళ్ళి సిగరెట్ కాల్చాడు గాని, విన్నాడు. అంత విని ఏదీ లేదని రాశాడు.

ఆయన తప్పు లేదు.

నేను ఏదీ లేనివాణ్ణి అట. డెబ్భై ఆరేళ్ళు. ఈ దేశంలో మనుషుల్ని మతం వారీగా కుప్పలు పోస్తారు. క్యాథలిక్కులకో కుప్ప, సిక్కులకో కుప్ప, యూదులకో కుప్ప. ఏదీ లేనివాళ్ళ కుప్ప అన్నిటికంటే తొందరగా పెరుగుతోందని రేడియోలో చెప్పారు. ఆ కుప్పలో పారెడు మట్టి నేను.

ఆయన తప్పు లేదు అని మూడోసారి రాయను.

మే 16. ఆదివారం.

ఫ్యోక్లాకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఫోను చేతిలో పెట్టింది.

“లెక్కల ఆఫీసు నంబరు నొక్కాను. మాట్లాడు.”

“ఫోనులో నాకు మాట రాదు.”

“మరి మా అక్కతో అన్నేళ్ళు ఎలా కాపరం చేశావు?”

“మీ అక్కే మాట్లాడేది.”

“అదీ నిజమే,” అని నోరు మూసుకుంది. తను నోరు మూసుకోవడం చూడటం నాకదే మొదలు.

అరగంట సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. మర్యాదస్తురాలు. నేను చెప్పుకున్నాను. మాటలు వెనకా ముందూ అయ్యాయి.

“ఆ ఇంటినుంచి ఫారం పంపింది మీరేనాండీ?”

“కాదు. నేను మూడో మనిషిని.”

“అయితే పంపినవాళ్ళు ఫోన్ చేసి మార్చమనాలండీ.”

“మతం నాది కదమ్మా.”

“అర్థమైందండీ. కానీ ఫారం వారిది.”

ఆ అమ్మాయి తప్పూ లేదు. తప్పు ఎవరిదీ కాకుండానే నేను పోయాను.

ఫ్యోక్లా ఫోను వెనక్కి తీసుకుంది. “కూతురితో చెప్పు బావా. కన్నకూతురు. పులి కాదు.”

మే 17.

అడగలేదు.

మే 18.

నాద్యాకి పని ఎక్కువగా ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే ఉద్యోగం. పగలంతా ఎవరెవరితోనో మాట్లాడి ఇంటికొస్తుంది. ఇంకో మాట వినే ఓపిక ఎక్కడుంటుంది.

మే 21.

ఇవాళ కూడా లేదు.

మే 24.

టమాటా మొక్కలు నాటాను. లుకేరియా రాసుకున్న వరసలోనే. పెరట్లో ఎండ పడే మూల వేరే, ఆ వరస ఇక్కడ పనికి రాదు. అయినా ఆ వరసలోనే నాటాను.

మే 30. ఆదివారం.

గ్లెన్ చేపలకెళ్ళాడు. నాద్యా బట్టలు మడతపెడుతోంది. నేను దుప్పటికి రెండో కొస పట్టుకున్నాను. దుప్పటి మధ్యలో ఉంటే మొహం చూడక్కర్లేదు.

“లెక్కల కాగితంలో గ్లెన్ నా గురించి తప్పు రాశాడు. నువ్వు ఫోన్ చేసి మార్పించాలి.”

“ఏది తప్పు?”

“మతం.”

ఆమె దుప్పటి మడవడం ఆపలేదు. “గ్లెన్ సొంతంగా రాయలేదు నాన్నా. నన్నడిగాడు. నేనే చెప్పాను.”

“నువ్వా?”

“నువ్వు చెప్పిందే చెప్పాను.”

“నేనెప్పుడు చెప్పాను?”

“నాకు తొమ్మిదేళ్ళప్పుడు. ఊళ్ళో ఇంట్లో. లెక్కలమ్మాయి గుమ్మంలో నిలబడింది. నేను వంటింటి బల్ల కింద బొమ్మకు జడ వేస్తున్నాను. ఆవిడ మతమేంటని అడిగింది. నువ్వు ‘ఏదీ లేదు’ అన్నావు. ‘మీ భార్యకి?’ అంది. ‘ఏదీ లేదు.’ ‘పాపకి?’ అంది. నాకూ ఏదీ లేదన్నావు. ఆ రోజే తెలిసింది నాకు, మనకేమీ లేదని.”

“అలా జరగలేదు,” అన్నాను.

“జరిగింది నాన్నా. ఒక్క కీర్తనన్నా నేర్పనిచ్చావా? అమ్మ పాడబోతే కిటికీ మూసేవాడివి, పక్కవాళ్ళు వింటారని. నన్ను పిరహీలు బడికి పట్టుకెళ్ళనిచ్చేవాడివి కాదు. అందరు పిల్లల్లా రొట్టె ముక్కలు పెట్టించేవాడివి. ఇప్పుడొచ్చి తప్పు రాశారంటున్నావు. నీకేం రాశారో అని మూడు వారాలుగా మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు. నాకేం రాసుకున్నానో ఒక్కసారన్నా అడిగావా?”

దుప్పటి నా చేతిలోంచి లాక్కుని లోపలికెళ్ళింది.

అలా జరగలేదు. చిన్నపిల్ల. బల్ల కింద ఉంటే ఏం వినపడుతుంది.

మే 31.

జరిగింది.

1981. జూన్ నెల మొదట్లో. ఆ అమ్మాయి కాళ్ళకు పసుపు రంగు చెప్పులు. మెట్ల మీద మట్టి ఉంటే చూసుకుంటూ ఎక్కింది. లుకేరియా పెరట్లో సోపాకు కోస్తోంది. పిలిస్తే వినపడే దూరమే. పిలవలేదు.

ఆ రోజుల్లో నేను పనిచేసే మిల్లులో నా లాకరు తలుపు మీద పేపరులోంచి కత్తిరించిన, తగలబడుతున్న ఇంటి ఫోటో అంటించేవాళ్ళు. మాలో ఒక గుంపు ఇళ్ళు తగలబెట్టింది, నడివీధిలో బట్టలు విప్పి నిలబడింది. అది చేసింది పిడికెడు మంది. పేపర్లో పడింది మాత్రం మేమందరం. ‘అగ్గిపెట్టె ఉందా సవేలీ?’ అని రోజూ ఎవడో ఒకడు అడిగేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అందరికంటే ముందే నవ్వేవాణ్ణి.

ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది. భయపెట్టలేదు. పోలీసు కాదు. పెన్సిలు తప్ప చేతిలో ఏమీ లేదు.

ఏదీ లేదు, అన్నాను. మూడుసార్లు.

చేత్తో రాయలేదు. నోటితో చెప్పాను. ఈ నోటుబుక్కులో మొదటి రోజు నేను రాసుకున్న ఆ వాక్యం చూసుకున్నాను. దానిలో అబద్ధమేమీ లేదు. అబద్ధాన్ని ఎంత చక్కగా కడిగి ఆరేసుకున్నానో చూసుకున్నాను.

భోజనాల దగ్గర నాద్యా తల్లిని అడిగింది, ‘అమ్మా, మనకు ఏదీ లేదంట కదా’ అని. లుకేరియా నా వైపు చూసింది. గరిటె చేతిలోనే ఉంది. మర్నాడు పాలు పితుకుతూ, నా వైపు తిరక్కుండా, ఒకే మాట అంది.

“నన్నడిగితే నేను చెప్పుకునేదాన్ని కదా.”

ఆ ఆదివారం ప్రార్థన ఇంటికి ఒక్కతే వెళ్ళింది. తర్వాత చాలా ఏళ్ళు ఒక్కతే వెళ్ళింది. నాకు మిల్లు పని ఉందని చెప్పేవాణ్ణి. ఆదివారం మిల్లు ఉండదు.

జూన్ 1.

ఈ ఇంట్లో ఇవాళ ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. గ్లెన్ మాత్రం చేపల గురించి చెప్పాడు. దొరకలేదట.

జూన్ 6. ఆదివారం.

ఫ్యోక్లాకి చెప్పాను, 1981 సంగతి. పాట అయ్యాక, పేకాట బల్ల మడుస్తుంటే చెప్పాను. బల్ల కాళ్ళు ఒక్కొక్కటీ మడిచింది.

“నాకు తెలుసు బావా. మా అక్క అప్పుడే చెప్పింది.”

“నలభై ఏళ్ళనుంచీ తెలుసా?”

“తెలుసు.”

“మరి నలుగురిలో నన్ను పళ్ళసెట్టు మర్చిపోయావా అని ఎందుకడిగావు?”

“నువ్వు చెప్తావేమోనని. ప్రతిసారీ అదే ఆశ.”

రొట్టె గుడ్డలో చుట్టింది. ఉప్పు గిన్నెకి మూత పెట్టింది. నీళ్ళు గడ్డిలో పారబోసింది.

“ఆ పాత కాగితాలు మార్చొచ్చా?” అన్నాను.

“అడిగాను. నీకోసం కాదు, మా అక్క కోసం. తొంభై రెండేళ్ళ దాకా ఆ పెట్టెలు తెరవరట. ఎవరూ చూడరు, ఎవరూ దిద్దరు. 2073లో తెరుస్తారు. అప్పుడు ఎవరో చదువుతారు, లుకేరియా రెజాన్‌సాఫ్, మతం ఏదీ లేదు అని. ఆదివారం ఒక్కటి కూడా తప్పని మనిషి.”

“నన్ను తిట్టు ఫ్యోక్లా.”

“తిడితే నీకు తేలికవుతుంది. తిట్టను.”

వంగి దండం పెట్టింది, ఎప్పటిలాగే. నాలో ఉన్న దేవుడికి. నాకు తిరిగి వంగడం చేతకాలేదు. నడుం నొప్పి అనుకుని ఉంటుంది. అనుకోదు. ఆమెకన్నీ తెలుసు.

జూన్ 8.

పొద్దున నాద్యా కాఫీ పెట్టి, నంబరు రాసిన చీటీ నా ముందు పెట్టింది.

“మధ్యాహ్నం గ్లెన్ చేత ఫోన్ చేయిస్తాను. ఏమని చెప్పమంటావు?”

“తర్వాత చెప్తాను.”

“నాన్నా, ఇంకా తర్వాతేనా?”

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నేనేమన్నా అంటానేమోనని. కారు తాళాలు వేలికి తిప్పుతూ అంతసేపు నిలబడింది. తల్లి పోలికే. నేను కాఫీలో చెంచా తిప్పాను. చక్కెర వెయ్యలేదు, తిప్పాను.

జూన్ 9. బుధవారం.

ఈ పేజీ చింపి నాద్యాకి ఇస్తాను. నోటితో చెప్పలేను.

నాద్యా,

నా గడి మార్పించవద్దు. గ్లెన్‌కి కూడా చెప్పు. మీరు రాసింది తప్పు కాదు. నలభై ఏళ్ళ కింద నేను చెప్పిన మాటే అది. ఇప్పుడు మనసు మారింది గదా అని ఫోన్‌లో ఒక్క మాటతో దిద్దుకుంటే, మీ అమ్మది అలాగే ఉండి నాదొక్కటే బాగుపడుతుంది. అది నాకు వద్దు. ఆవిడ ఉన్న కుప్పలోనే నన్నూ ఉండనీ. అక్కడికి పంపింది నేనే. లెక్కలో ఒకడు తగ్గాడని మీ పిన్నికి కోపం వస్తుంది. నేను చూసుకుంటాను.

మీ అమ్మకి ఉండేది. చాలా ఉండేది. ఇది నీకు నేను చెప్పి ఉండాల్సింది. నీకు జోలపాటలని పాడినవి జోలపాటలు కావు, కీర్తనలే. కిటికీ మూసింది నేనే, కానీ ఆవిడ గొంతు తగ్గించి పాడింది. నువ్వు విన్నావు. నీకు గుర్తుండకపోవచ్చు.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు నీకేదీ లేదని నేను చెప్పాను. నిన్ను అడగలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. మొన్న నువ్వు నోరు తెరిచి అన్నా, అప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రెండో మనిషి గడిలో ఏం రాసుకున్నావు? ఏం రాసుకున్నా సరే. ఏదీ లేదని రాసుకున్నా సరే. నువ్వు చెబితే వినాలని ఉంది.

భోజనాల దగ్గర చెప్పక్కర్లేదు. ఈ కాగితం వెనక చోటుంది. అక్కడ రాసి నా తలుపు కింద తోసెయ్యి. నేను కింది గదిలోనే ఉంటాను, ఎక్కడికీ పోను. నాకు డెబ్భై ఆరేళ్ళమ్మా. తొందరగా జవాబు రాయి.

నాన్న